8 నెలల గుర్రప్పిల్లకు ఉన్నట్టుండి కడుపునొప్పి, జారుగా లద్దె: ఏమై ఉండొచ్చు?

వేకువ_లాయం (ప్రశ్న)

8 నెలల మగపిల్ల. టేపుతో కొలిస్తే సుమారు 230 కిలోలు. తల్లి నుంచి వేరు చేసి 6 వారాలైంది. నిన్న సాయంత్రం దాకా మామూలుగానే ఉంది. రాత్రి రెండుసార్లు ఆవు పేడలా జారుగా వేసింది. తెల్లవారుజామున 4 గంటల నుంచి ముందుకాలితో నేల గీరుతోంది, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూసుకుంటోంది, పడుకుంటోంది, లేస్తోంది. రెండుసార్లు పొర్లింది కూడా. అప్పటి నుంచి లద్దె లేదు, దాణా ముట్టలేదు.

ఇప్పుడు 9 గంటలకు చూసినవి: గుండె నిమిషానికి 72, ఒంటి వేడి 38.3 డిగ్రీల సెల్సియస్, శ్వాస 24. చిగుళ్ళు కాస్త పాలిపోయి జిగటగా ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 2 సెకన్లకు పైనే పడుతోంది. చెవి ఆనించి వింటే ఎడమ డొక్కలో కొద్దిగా చప్పుడు ఉంది, కుడివైపు దాదాపు లేదు.

ఈ పది రోజుల్లో మారినవి మూడు. వారం కిందట దాణా రోజుకు 1.5 కిలోల నుంచి 2.5 కిలోలకు పెంచాం, రెండు పూటలుగా పెడుతున్నాం. 4 రోజుల కిందట కొత్త ఎండుగడ్డి వచ్చింది. పాతదానికంటే ముదురు, కాడలు ఎక్కువ. నిన్న ఉదయం పురుగుల మందు వేశాం, ఐవర్‌మెక్టిన్ పేస్ట్. 4 నెలల తర్వాత వేయడం ఇదే మొదలు.

దాణా పెంచడం వల్లే ఇలా అయిందా? ఒక పూట పస్తు ఉంచి చూడాలా, వెంటనే డాక్టర్‌ని పిలవాలా? ఈలోగా నూనె తాగించవచ్చా?

పగ్గం_ముడి

ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి, తర్వాత వచ్చి ఇది చదవండి. నొప్పి మొదలై 5 గంటలైంది, లద్దె ఆగింది, గుండె 72 ఉంది, చిగుళ్ళు జిగటగా ఉన్నాయి. ఇవన్నీ ఒకేసారి కనిపిస్తున్నప్పుడు పస్తు ఉంచి చూద్దాం అనే మాటే వద్దు. ఈ వయసు పిల్లకు ఊరికే ఉన్నప్పుడు గుండె 40 నుంచి 60 మధ్య ఉంటుంది. ఫోన్‌లో ఈ అంకెలన్నీ చెప్పండి. పురుగుల మందు ఏది, ఏ రోజు, ఏ పూట వేశారో తప్పకుండా చెప్పండి. మీరు ఆ సంగతి చివర్లో రాశారు గానీ నాకు అదే మొదట కనిపించింది.

4 నుంచి 10 నెలల వయసు పిల్లల చిన్నపేగులో ఏలికపాములు విపరీతంగా పెరుగుతాయి. గుర్రాల్లో వచ్చేవి పారాస్కారిస్ రకం. ఆడ పురుగు 50 సెంటీమీటర్ల దాకా పొడవు పెరుగుతుంది, పెన్సిలంత లావు ఉంటుంది. 4 నెలలు మందు పడకపోతే ఇవి వందల్లో ఉండొచ్చు. ఐవర్‌మెక్టిన్, మాక్సిడెక్టిన్, పైరాంటెల్ అనే మందులు పురుగుకు పక్షవాతం తెప్పిస్తాయి. అన్నీ ఒకేసారి పట్టు వదిలేసి, పేగు కదలికతో పాటు ముందుకు కొట్టుకొచ్చి, సన్నటి చోట తాడు చుట్టలా బిగుసుకుంటాయి. అందుకే ఇలాంటి అడ్డంకి ఎక్కువగా మందు వేసిన 24 గంటల్లోపు, కొన్నిసార్లు రెండు మూడు రోజులకు బయటపడుతుంది. మీరు చెప్పిన సమయాలు దీనికి సరిగ్గా సరిపోతున్నాయి.

రాత్రి జారుగా వేసింది కదా, అలాంటప్పుడు అడ్డంకి ఎలా ఉంటుందని అనిపించొచ్చు. చిన్నపేగు మూసుకుపోయినా, దాని తర్వాత ఉన్న పెద్దపేగులో అప్పటికే చేరిన సరుకు బయటికి వస్తూనే ఉంటుంది. రెండుసార్లు జారుగా వేయడం వల్ల దారి తెరిచే ఉందని నమ్మడానికి లేదు.

నూనె తాగించకండి. సీసాతోనూ వద్దు, సిరంజితోనూ వద్దు. నొప్పితో తల విదిలిస్తున్న పిల్లకు నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా అవుతుంది. దాన్ని తగ్గించడం కోలిక్ (గుర్రాల కడుపునొప్పి) కంటే కష్టం. ఇంకో కారణం కూడా ఉంది. గుర్రం వాంతి చేసుకోలేదు, ఆహారనాళం జీర్ణాశయంలో కలిసే చోట కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది. చిన్నపేగు మూసుకుపోతే ద్రవం వెనక్కి వచ్చి జీర్ణాశయంలో చేరుతుంది, బయటికి దారి ఉండదు. దాని మీద మళ్ళీ నూనె పోస్తే జీర్ణాశయం పగిలే ప్రమాదం పెరుగుతుంది. డాక్టర్ ముందు ముక్కు గొట్టం వేసి చూస్తారు. వెనక్కి ద్రవం రాకపోతేనే ఆ గొట్టం గుండా పారాఫిన్ నూనె ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తారు.

డాక్టర్ వచ్చేలోపు ఎండుగడ్డి, దాణా, పరుపుగా వేసిన గడ్డి అన్నీ తీసేయండి. నీళ్ళు కూడా ఒక్కసారిగా తాగనివ్వకండి. ఇది చిన్నపేగు సమస్య కావచ్చు కాబట్టి గొట్టం వేసి చూసేదాకా బకెట్ పక్కకు పెట్టడమే నయం. గోడలకు, ఇనుప కమ్మీలకు దూరంగా, మెత్తటి నేల మీద ఉంచండి. నిశ్శబ్దంగా పడుకుంటే పడుకోనివ్వండి. పొర్లబోతుంటే మాత్రం లేపి 10 నిమిషాలు మెల్లగా నడిపించి ఆపండి. గంటల తరబడి తిప్పితే అలసిపోవడం తప్ప ఒరిగేది లేదు. ప్రతి 15 నిమిషాలకు గుండె, చిగుళ్ళు చూసి, టైంతో సహా కాగితం మీద రాయండి.

లాయంలో నొప్పి ఇంజక్షన్ ఉన్నా ఇప్పుడు మీరు వేయొద్దు. ఫ్లూనిక్సిన్ లాంటి నొప్పి మందు నొప్పిని కొన్ని గంటలు మరుగుపరుస్తుంది, అడ్డంకి మాత్రం అలాగే ఉంటుంది. కండరానికి వేస్తే ఆ చోట క్లాస్ట్రీడియం అనే సూక్ష్మజీవి చేరి కండరం కుళ్ళిపోయిన సందర్భాలున్నాయి. ఒంట్లో నీరు తగ్గిన పిల్లకు అదే మందు మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తుంది.

ఇంకో పది సెకన్ల పని. మగపిల్ల కదా, వృషణాల సంచిని, బొడ్డును చేత్తో తడిమి చూడండి. ఒకవైపు గట్టిగా, వేడిగా, ముట్టుకుంటే తన్నేంత నొప్పిగా ఉబ్బి ఉంటే పేగు ఆ కంతలోకి జారి చిక్కుకుని ఉండొచ్చు. అది కూడా ఫోన్‌లో చెప్పండి.

గడ్డిమోపు

పగ్గం_ముడి గారి మాటే నాదీను, ముందు డాక్టర్. అయితే దాణా లెక్క కూడా పక్కన పెట్టేది కాదు. రెండూ కలిసి కూడా రావచ్చు.

230 కిలోల పిల్లకు రోజుకు 2.5 కిలోలు, రెండు పూటలు అంటే పూటకు 1.25 కిలోలు. గింజ దాణా ఒక పూటకు ఒంటి బరువులో 0.5 శాతం దాటకూడదన్నది మొదటి హద్దు, అంటే 1.15 కిలోలు. దాన్ని మీరు కొద్దిగానే దాటారు. అసలు హద్దు మాత్రం పిండి పదార్థానిది. ఒక పూటకు కిలో ఒంటి బరువుకు 1 గ్రాము లోపు ఉంటే నిశ్చింత, 2 గ్రాములు దాటితే ప్రమాదం. ఓట్స్‌లో పిండి సుమారు 40 శాతం. 1.25 కిలోల ఓట్స్ అంటే 500 గ్రాముల పిండి, కిలో బరువుకు 2.2 గ్రాములు. అదే దాణా అంతా మొక్కజొన్న అయితే 65 శాతానికి పైనే, అంటే కిలోకు 3.5 గ్రాములు. పైగా ఉడకని మొక్కజొన్న పిండి చిన్నపేగులో సరిగా అరగదు. మీ దాణాలో ఏముందో రాయలేదు, చెప్పండి.

అరగని పిండి వెనకనున్న సీకమ్ అనే పెద్ద సంచిలోకి, పెద్దపేగులోకి పోతుంది. అక్కడ పీచును కుళ్ళబెట్టి అరిగించే సూక్ష్మజీవులు ఉంటాయి. పిండి పడగానే లాక్టిక్ ఆమ్లం తయారుచేసేవి పెరిగిపోతాయి, ఆమ్లం ఎక్కువై పీచు అరిగించేవి చచ్చిపోతాయి, వాటి ఒంట్లోని విషం పేగు గోడ దాటి రక్తంలోకి వెళుతుంది. బయటికి కనిపించేది పుల్లటి వాసనతో జారు లద్దె, గ్యాస్, నొప్పి. ఒకటి రెండు రోజుల తర్వాత డెక్కల వాపు కూడా రావచ్చు. కాబట్టి ఈ నొప్పి తగ్గినా 3 రోజులు నాలుగు డెక్కలూ పొద్దున, సాయంత్రం పట్టుకుని చూడండి. డెక్క వేడెక్కినా, మడమ పైన నాడి గట్టిగా కొట్టుకున్నా, అడుగు తీసి అడుగు వేయడానికి జంకినా వెంటనే చెప్పాలి.

కొత్త ఎండుగడ్డి సంగతి. గడ్డి మారిన మొదటి రెండు వారాల్లో కోలిక్ ప్రమాదం పెరుగుతుంది. గింజ మారిస్తే జాగ్రత్త పడే వాళ్ళు కూడా గడ్డి మారితే పట్టించుకోరు. ముదురు కాడలు సరిగా నమలక మింగితే పెద్దపేగు మలుపు తిరిగే సన్నటి చోట గట్టిగా పేరుకుంటాయి. అలాంటి అడ్డంకిలో నొప్పి మెల్లగా, రోజుల మీద పెరుగుతుంది, లద్దె చిన్న చిన్న గట్టి ఉండలుగా జిగురు పూసినట్టు వస్తుంది. మీరు చెప్పిన తీరు అలా లేదు. జారుగా వేసి ఒక్కసారిగా ఆగి, నొప్పి వేగంగా పెరగడం చూస్తే నేనూ చిన్నపేగునే ముందు అనుమానిస్తాను.

ఒక విషయం తప్పకుండా చూడండి. ఆ దాణా గుర్రాల కోసం చేసిందేనా, లేక పశువుల, కోళ్ళ దాణా కలిసిందా? పశువుల, కోళ్ళ దాణాలో మోనెన్సిన్ లాంటి మందులు కలుపుతారు. వాటికి అది మామూలు విషయం, గుర్రానికి ప్రాణాంతకం. కిలో ఒంటి బరువుకు 2, 3 మిల్లీగ్రాములే చంపగలవు. దాణా వదిలేయడం, చెమటలు, కడుపునొప్పి, వెనక కాళ్ళ తడబాటు, గుండె గతి తప్పడం దాని లక్షణాలు. సంచి మీద చీటీ చదవండి. అదే గంపతో, అదే పారతో రెండు రకాల దాణాలూ తోడుతుంటే అది కూడా లెక్కే. అనుమానం ఉంటే ఒక అరకిలో దాణా విడిగా కట్టి, తేదీ రాసి ఉంచండి, పరీక్షకు పనికొస్తుంది.

రెండో_కాపలా

ఒంటి వేడి 38.3 అంటే మామూలే. అందుకే అంటువ్యాధిని నేను వెనక వరుసలో పెడతాను, కొట్టిపారేయను. ప్రతి గంటకూ వేడి చూడండి. 38.6 దాటిందంటే కథ మారుతుంది. పెద్దపేగు వాపులో చాలాసార్లు నొప్పి, జ్వరం ముందు వస్తాయి, విరేచనం కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. అప్పటిదాకా అది అచ్చం కోలిక్‌లాగే ఉంటుంది.

గుర్రప్పిల్ల కడుపు విషయంలో వయసే సగం జవాబు. వేరే వయసు పిల్ల ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

పుట్టిన మొదటి రోజు నొప్పి వస్తే, ముందు అనుకోవాల్సింది కడుపులో ఉండగా పేరుకున్న నల్లటి జిగట మలం బయటికి రాకపోవడం. తోక ఎత్తి ముక్కుతుంది, పాలు వదిలేస్తుంది. 5 నుంచి 14 రోజుల మధ్య, తల్లి మళ్ళీ ఎదకు వచ్చే రోజుల్లో వచ్చే పలచటి విరేచనం చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. పిల్ల చురుగ్గా ఉండాలి, పాలు తాగుతుండాలి, జ్వరం ఉండకూడదు. ఈ మూడింట్లో ఒకటి తప్పినా అది ఆ విరేచనం కాదు. రక్తంతో కలిసి ఉన్నట్టుండి వస్తే క్లాస్ట్రీడియం, నీళ్ళలా వస్తూ ఒకదాని వెనక ఒకటి పక్క పిల్లలకూ వస్తే రోటావైరస్ గుర్తుకు రావాలి. ఆ వయసులో 12 గంటలు పాలు మానితే చాలు, పిల్ల చేతికి అందకుండా పోతుంది.

3 వారాల నుంచి 5 నెలల పిల్లకు దగ్గు, జ్వరంతో పాటు విరేచనం ఉంటే రోడోకాకస్ అనే సూక్ష్మజీవిని అనుమానించాలి. అది ఊపిరితిత్తుల్లో గడ్డలు పెడుతూనే పేగులనూ పడుతుంది.

4 నెలలు దాటి, తల్లి నుంచి వేరు చేశాక, మీ పిల్ల వయసు దాకా లాసోనియా అనే సూక్ష్మజీవి ముఖ్యం. చిన్నపేగు గోడ దళసరి ఎక్కి, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోతుంది. దవడ కింద, పొట్ట కింద, కాళ్ళకు నీరు చేరుతుంది. పిల్ల చిక్కిపోతుంది, బొచ్చు గరుకెక్కుతుంది. విరేచనం ఉండొచ్చు, లేకపోవచ్చు. ఇది ఒక్క రాత్రిలో వచ్చేది కాదు గానీ, యజమాని గమనించేది ఉన్నట్టుండి వచ్చిన నొప్పినే. డాక్టర్ రక్తం తీస్తే ఆల్బుమిన్ కూడా చూడమనండి.

ఇదే వయసులో ఇంకో రకం పేగు సమస్య ఉంది. పేగు ఒక ముక్క పక్క ముక్కలోకి టెలిస్కోప్‌లా దూరిపోవడం. పేగు కదలిక అస్తవ్యస్తమైనప్పుడు, అంటే విరేచనం తర్వాత, ఏలికపాములు ఎక్కువున్నప్పుడు, పురుగుల మందు వేశాక కూడా ఇది జరగొచ్చు. బద్దెపురుగులు చిన్నపేగు, సీకమ్ కలిసే చోట గుంపుగా అతుక్కుంటాయి కాబట్టి అక్కడ కూడా ఇలాంటిదే వస్తుంది. ఐవర్‌మెక్టిన్ బద్దెపురుగుల మీద పనిచేయదు, వాటికి ప్రాజిక్వాంటెల్ కావాలి. పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెడితే దూరిన పేగు అడ్డకోతలో ఒక వలయం లోపల ఇంకో వలయంలా కనిపిస్తుంది. ఏలికపాములైతే గొట్టాల్లా, జంట తెల్ల గీతల్లా కనిపిస్తాయి. ఈ వయసు పిల్ల పొట్ట పలుచన కాబట్టి బాగా కనిపిస్తుంది. డాక్టర్ దగ్గర స్కానర్ ఉంటే తీసుకురమ్మని ఫోన్‌లోనే అడగండి.

విరేచనం తెచ్చే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవిని మర్చిపోకూడదు. లద్దె మళ్ళీ నీళ్ళలా మొదలై జ్వరం వస్తే పిల్లను విడిగా కట్టండి. దానికి వేరే బకెట్, వేరే పార, వేరే చెప్పులు ఉండాలి. ఆ పని అన్నిటికంటే చివర చేసుకోండి. అది మనుషులకూ అంటుతుంది, చిన్న పిల్లల్ని లాయంలోకి రానివ్వకండి. ఒక్క నమూనాలో దొరకలేదని వదిలేయకూడదు. ఆ సూక్ష్మజీవి అన్ని రోజులూ లద్దెలో పడదు, రోజుకొకటి చొప్పున 3 నుంచి 5 నమూనాలు పంపాలి. శుభ్రం చేసేటప్పుడు ముందు లద్దె, గడ్డి అంతా ఎత్తి సబ్బునీళ్ళతో కడిగి, ఆరిన తర్వాతే క్రిమిసంహారిణి చల్లాలి. మురికి మీద బ్లీచింగ్ చల్లితే అది మురికితోనే సరి.

తడి_ఇసుక

అందరూ చెప్పినదానికి రెండు చేర్చాలి. ఈ కేసులో ఇవి ముందు వరుసవి కావు, కానీ దాణా నేల మీద వేసేవాళ్ళు చదవాలి.

మొదటిది ఇసుక. కురచ గడ్డి మేసే చోట, నేల మీద దాణా వేసే చోట పిల్లలు పెద్దవాటికంటే ఎక్కువ మట్టి తింటాయి. వాటికి అన్నీ నోటితో చూడటం అలవాటు. ఇసుక పెద్దపేగు అడుగున పేరుకుని గోడను గీరుతుంది. అందువల్ల కొన్నాళ్ళు విరేచనం, కొన్నాళ్ళు నొప్పి, మార్చి మార్చి వస్తాయి. పరీక్ష తేలిక. నేలకు తగలని తాజా లద్దె ఉండలు ఆరు తీసుకుని, పారదర్శకమైన చేతి తొడుగులో వేసి, నీళ్ళు పోసి, నలిపి, వేళ్ళు కిందికి ఉండేలా వేలాడదీయండి. పావుగంటలో ఇసుక వేళ్ళలోకి దిగుతుంది. ఒక చెంచా దిగితే ఆలోచించాలి. ఏమీ దిగకపోతే ఇసుక లేదని కాదు, కదలకుండా పేరుకుని ఉన్నది లద్దెలోకి రాదు. ముందు కాళ్ళ వెనక, పొట్ట కింద స్టెతస్కోప్ పెట్టి కొన్ని నిమిషాలు వింటే అలలు ఇసుక మీద వెనక్కి జారుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఇసబ్గోల్ పొట్టు, మెగ్నీషియం సల్ఫేట్ ఒక్కొక్కటి కిలో ఒంటి బరువుకు 1 గ్రాము చొప్పున, ముక్కు గొట్టం ద్వారా వరుసగా 4 రోజులు ఇస్తే ఒక్కొక్కటి విడిగా ఇచ్చినదానికంటే బాగా పనిచేస్తుంది. అది డాక్టర్ చేసే పని. పేగు పూర్తిగా మూసుకుపోయినప్పుడు మాత్రం ఇవ్వరు.

రెండోది జీర్ణాశయంలో పుండ్లు. తల్లి నుంచి వేరుచేయడం, మందలోంచి తీసుకెళ్ళి కట్టేయడం, గింజ పెంచి గడ్డి తగ్గించడం, నొప్పి మందులు రోజుల తరబడి వాడటం వీటికి కారణాలు. పళ్ళు కొరుకుతుంది, నోట్లోంచి సొల్లు కారుతుంది, చిన్న పిల్లయితే వెల్లకిలా పడుకుంటుంది. తిన్న పది నిమిషాలకు నొప్పి మొదలవుతుంది. ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ రోజుకు కిలోకు 4 మిల్లీగ్రాములు ఇచ్చేది పుండ్లున్నాయని తేలాకే. విరేచనం ఉన్న పాలపిల్లలకు ముందుజాగ్రత్తగా ఇస్తే ఆమ్లం తగ్గి, చెడ్డ సూక్ష్మజీవులు పేగు దాకా బతికిపోతాయి. ఈ మందు ఊరికే వేసినా పోయేదేం లేదనే అలవాటు మానుకోవాలి.

వేకువ_లాయం

డాక్టర్ వచ్చారు. గొట్టం వేస్తే వెనక్కి 4 లీటర్ల ద్రవం వచ్చింది, అందులో రెండు ఏలికపాములు ఉన్నాయి. అల్ట్రాసౌండ్‌లో చిన్నపేగు ఉబ్బి ఉంది, ఒకచోట పురుగులు చుట్టగా ఉన్నాయి. సెలైన్ పెట్టి, గొట్టం అలాగే ఉంచి, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి పంపుతున్నారు. వృషణాలు, బొడ్డు మామూలుగానే ఉన్నాయి. దాణా గుర్రాలదే, ఓట్స్, బార్లీ మిశ్రమం.

ఇదే దొడ్డిలో ఇదే వయసువి ఇంకో రెండు పిల్లలున్నాయి. వాటికి ఇంకా మందు వేయలేదు, 4 నెలలైంది. వాటిని ఏం చేయాలి?

పగ్గం_ముడి

వ్యానులో గొట్టం ఊడకుండా చూసుకోండి, దారిలో ద్రవం తీయాల్సి రావచ్చు. ఆసుపత్రిలో మొదట అడిగేవి మందు పేరు, మోతాదు, వేసిన టైం, మీరు రాసుకున్న గుండె అంకెలు. ఆ కాగితం వెంట తీసుకెళ్ళండి. మందులతో, సెలైన్‌తో కొన్ని కదిలిపోతాయి. నొప్పి మందు వేసినా తగ్గకుండా తిరగబెడుతుంటే, వెనక్కి ద్రవం వస్తూనే ఉంటే, పొట్టలోంచి సూదితో తీసిన ద్రవం ఎర్రగా మారితే శస్త్రచికిత్స ఆలస్యం చేయకూడదు. పేగు గోడ ఇంకా బతికుండగా తెరిస్తేనే ఫలితం బాగుంటుంది.

మిగతా రెండింటికీ ఈ రోజు ఐవర్‌మెక్టిన్ వేయకండి. పైరాంటెల్ కూడా వద్దు. మాక్సిడెక్టిన్ అసలు వద్దు, పిల్లల్లో దానికి మోతాదు కొంచెం మించినా మత్తు, పడిపోవడం లాంటివి వస్తాయి. 4 నెలల లోపు వాటికి అది వాడనే కూడదు, కొన్ని చోట్ల ఆ హద్దు 6 నెలలు.

ముందు రెండింటినీ నిజంగా తూచండి. పెద్ద గుర్రాల బరువు టేపు పిల్లల దగ్గర తప్పుతుంది, పశువుల కాటా దొరికితే అదే మేలు. తర్వాత ఒక్కొక్కదాని లద్దె తీసి అందులో పురుగు గుడ్ల లెక్క చేయించండి. లద్దె తాజాగా ఉండాలి, సంచిలో గాలి లేకుండా కట్టి చల్లగా పంపాలి. ఒక హెచ్చరిక. ఏలికపాముల గుడ్ల సంఖ్య పేగులో ఎన్ని పురుగులున్నాయో చెప్పదు, ఉన్నాయా లేవా అన్నదే చెబుతుంది. పిల్ల పురుగులు గుడ్లు పెట్టవు, కాబట్టి సున్నా వచ్చినా ఈ దొడ్డిలో నమ్మొద్దు. డాక్టర్ అక్కడే ఉండగా స్కానర్‌తో ఈ రెండింటి చిన్నపేగు కూడా చూడమనండి. ఎక్కువున్నాయో లేదో తెలుసుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు.

మందుగా సాధారణంగా ఎంచుకునేది ఫెన్‌బెండజోల్. అది పురుగుకు పక్షవాతం తేదు, ఆహారం వాడుకునే శక్తిని దెబ్బతీసి మెల్లగా చంపుతుంది కాబట్టి అన్నీ ఒక్కసారిగా ఊడి రావు. ఏలికపాములకు మోతాదు కిలోకు 10 మిల్లీగ్రాములు, పెద్ద గుర్రాలకు వేరే పురుగుల కోసం ఇచ్చే 5 కాదు. ప్రమాదం తగ్గుతుందే గానీ పోదు, అందుకే డాక్టర్‌తో రోజు నిర్ణయించుకుని, మరుసటి రెండు రోజులు మనిషి దగ్గరుండేలా పెట్టుకోండి. ఆ రెండు రోజులూ గింజ తగ్గించండి, గడ్డి, నీళ్ళు ఆగకుండా ఉండాలి, కట్టేయకుండా తిరగనివ్వండి. 14 రోజులకు మళ్ళీ గుడ్ల లెక్క చేయించండి. 90 శాతం కంటే తక్కువ తగ్గితే ఆ మందు మీ దొడ్డిలో పనిచేయట్లేదని అర్థం. చాలా చోట్ల ఏలికపాములు ఐవర్‌మెక్టిన్‌కు లొంగడం మానేశాయి. మీ దగ్గర అది వాటిని ఊడదీసింది కాబట్టి ఇంకా కొంతైనా పనిచేస్తోంది, దాన్ని వాడే వయసు, వాడే తీరు మారాలి.

గడ్డిమోపు

ఆ దొడ్డి సంగతి కూడా చూసుకోవాలి. ఏలికపాము గుడ్డు చుట్టూ దళసరి జిగట పొర ఉంటుంది, నేలలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. మామూలు క్రిమిసంహారిణులు దానికి ఆనవు. మింగిన గుడ్డు పేగులో పొదిగి, పిల్ల పురుగు కాలేయం, ఊపిరితిత్తుల మీదుగా తిరిగి మళ్ళీ పేగుకు చేరి పెద్దదై గుడ్లు పెట్టడానికి 10 నుంచి 12 వారాలు పడుతుంది. పిల్లలు దగ్గుతూ ముక్కు కారుస్తుంటే జలుబు అనుకునేది చాలాసార్లు ఈ ప్రయాణమే.

అందుకే పిల్లలకు మొదటి మందు 2, 3 నెలల వయసులో ఫెన్‌బెండజోల్ లాంటి రకంతో పడాలి. రెండోది 4 నుంచి 6 నెలల మధ్య, తల్లి నుంచి వేరు చేసే ముందు. ఆ తర్వాత గుడ్ల లెక్క చూసి, ఏలికపాములా, సన్న పురుగులా అన్నదాన్ని బట్టి మందు మార్చాలి. మీ పిల్లలకు 4 నెలల వయసు తర్వాత ఒక్కటీ పడలేదు, సరిగ్గా పురుగులు పెరిగే కాలమంతా ఖాళీగా పోయింది. ఏడాది, ఏడాదిన్నర దాటితే చాలా గుర్రాలు వాటంతటవే ఏలికపాములను తట్టుకుంటాయి.

దొడ్డిలో లద్దె వారానికి కనీసం రెండుసార్లు ఎత్తేయండి. నేలలోకి లాగి చదును చేయకండి, అలా చేస్తే గుడ్లు అంతటా పరుచుకుంటాయి. నీళ్ళ తొట్టి, దాణా తొట్టి లోపలి గోడలు గట్టి బ్రష్‌తో వేడి నీళ్ళు పోసి రుద్దండి. గడ్డి నేల మీద కాకుండా తొట్టిలో వేయండి. లాయం గోడలకు ఆవిరి పట్టించగలిగితే మంచిది. వచ్చే ఏడు పుట్టే పిల్లల్ని ఈ దొడ్డిలోకి కాకుండా వేరే చోటికి పంపండి. ఇందులో పెద్ద గుర్రాలను గానీ వేరే పశువులను గానీ మేపవచ్చు.

పిల్ల ఇంటికి వచ్చాక దాణా గురించి. మొదటి రోజుల్లో ఎంత, ఎప్పుడు అన్నది ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చినట్టే చేయండి. సాధారణంగా మెత్తటి గడ్డి అరకిలో చొప్పున 4, 5 గంటలకోసారి పెట్టి, లద్దె చూసి పెంచుతారు. గింజ కనీసం వారం దాకా వద్దు. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు రోజుకు 200 గ్రాములతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి 200 చొప్పున పెంచండి, అదీ మూడు పూటలుగా. కొత్త గడ్డిని పాతదానిలో పావు వంతుగా కలిపి, 10 నుంచి 14 రోజుల్లో పూర్తిగా మార్చండి. పాతది అయిపోయి ఉంటే మిగతా రెండు పిల్లల కోసమైనా ఈ రోజే కొంత తెప్పించి పెట్టుకోండి.